బెల్లం పాకంతో అతికించిన ఆర్‌ఎన్‌ఏ

"గమ్ము సీస తెమ్మంటే బెల్లం పాకం తెచ్చినవేందమ్మా? చీమలు పట్టయా?"

"చీమలకేమన్న పరీక్షలున్నయా? పుయ్యి."

"రేపు కాలేజీల అందరు నవ్వుతరు."

"నవ్వితే వాండ్ల పండ్లే కనవడతయి."

ఇట్లా మొదలైన గొడవ, తెల్లారి కామారెడ్డి బస్సులో నా చేత గంతులేయించింది. మీరూ నవ్వండి, నాకు అలవాటే.

ఎనభైల నాటి మాట. నా బిడ్డ సుజాత ఎల్లారెడ్డి నుంచి రోజూ కామారెడ్డికి పోయి డిగ్రీ చదివేది. నా చదువు మూడో తరగతితోనే ఆగింది. అయినా ఇంట్లో నా మాటే హైకోర్టు. అంతవరకు కాలేజీ సైన్సు ప్రదర్శనలో ఆడపిల్లల పని వచ్చినవాళ్లకు నీళ్లందించడమే. ఆ ఏడు సుజాత చేసిన బొమ్మ కూడా పెట్టనిస్తామన్నారు.

కణం నడుమ ఉండే కేంద్రకం చెయ్యాలి. దానికి బొక్కలు పొడిచిన మట్టి గురిగి, అదే చిన్న కుండ, తెచ్చింది. లోపలుండే ఆర్‌ఎన్‌ఏ కోసం ఎర్రదారం కొంటానంది. పక్కింటి రహీమాబీ రంజానుకు ఇచ్చిన సేమ్యా ఇంట్లో ఉండగా దారమెందుకు? కుంకుమ నీళ్లలో ముంచి ఇచ్చాను.

ఆ ముక్కలను నడుమ ఓ కుప్పగా, బొక్కల దగ్గర కొన్నిగా అతికిస్తుంటే, ముగ్గు చుక్కల్లా సమానంగా పెట్టమన్నాను.

"గట్ల ఉండదమ్మా. దేని జాగ దానిది. తయారైనయి ఈ తొవ్వలకెల్లి బయటికి పోతయి, తయారు కానియి లోపలనే ఆగుతయి."

మా ఇంట్లో లాగేనన్నమాట, తల దువ్వుకోనిది గడప దాటదు, అనుకుని ఊరుకున్నాను.

చీమల భయంతో గురిగిని నీళ్ల పళ్లెంలో పెట్టి పడుకుంది సుజాత. బోరింగు కొట్టి మోసుకొచ్చిన నీళ్లు అట్లా ఊరికే నిలబడి ఉంటే నా ప్రాణం ఒప్పలేదు. తీసి కరివేపాకు చెట్టుకు పోశాను.

తెల్లారి చూస్తే ఎర్రచీమలు బారు కట్టి, ఒక్కో సేమ్యా ముక్కను పెండ్లి పల్లకిలా మోసుకుంటూ బొక్కల్లోంచి బయటికి వస్తున్నాయి. నడుమ గడ్డకట్టిన కుప్ప మాత్రం కదల్లేదు.

"తయారైనయి పోతున్నయి గదా బిడ్డా" అన్నాను, మెల్లగా.

అది పళ్లెం చూసింది, కరివేపాకు చెట్టు చూసింది, చివరికి నన్ను చూసింది. ఏడుపు ఆపుకుని చెప్పులేసుకుంది.

మళ్లీ చేసే సమయం లేదు. గురిగిని ఒళ్లో పెట్టుకుని నేనూ బస్సెక్కాను. తాడ్వాయి రాకముందే చీమలు దారి మార్చి నా కుచ్చిళ్లలో దిగాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు; నాది పాకం పుయ్యనేల, బస్సులో ఎగరనేల.

కాలేజీలో మిగతా బొమ్మలు కదలకుండా ఉంటే, జనమంతా మా గురిగి ముందే. బహుమతులు నిర్ణయించే సారు వంగి, బొక్క దగ్గర వేలు పెట్టి, ఇవెట్లా కదులుతున్నాయని అడిగాడు.

"మా అమ్మ కదిలిస్తున్నది సార్" అంది సుజాత.

అప్పుడే చీమ ఆయన వేలు కుట్టింది. బహుమతి రాలేదు.

ఆ గురిగి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. మెంతులు పోద్దామంటే బొక్కలు, పారేద్దామంటే చెయ్యి రాదు.

ఆ రోజే బస్టాండులో కుచ్చిళ్లు దులుపుకుంటూ, బిడ్డ చదువులో ఇక బెల్లం కలపనని సూర్యుడి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. అక్కడే కొట్టులో గమ్ము సీసా కూడా కొన్నాను.

చిన్నదే.