కూత కూస్తే మూడో నంబరు నీళ్ళు

1999లో సిడ్నీ పశ్చిమాన పెండిల్ హిల్ దగ్గరి ఒక చిన్న కర్మాగారంలో నన్ను ప్యాకింగు నుంచి టెస్టింగ్ బల్లకు మార్చారు. నా చదువు ఏడో తరగతి, హోదా 'టెస్టర్, గ్రేడ్ టూ'. పచ్చికకు వేళపట్టున నీళ్ళు చల్లే పెట్టెలు చేసేవాళ్ళం. ఒక్కో పెట్టెకు నాలుగు వాల్వులు. నంబరు నొక్కితే పెట్టె మూడుసార్లు కూసి, ఆ నంబరు వాల్వు తెరవాలి.

పాత పెట్టెలకు సంవత్సరమంటే రెండంకెలే. రెండు వేల సంవత్సరం వస్తే అవి ఏం చేస్తాయోనని భయపడి, లోపలి ప్రోగ్రాం సీ భాషలో తిరగరాయడానికి ఖలీల్ అనే ఇంజనీరును పెట్టుకున్నారు. మా గుంటూరువాడే. ఉద్యోగం పోతే వీసా కూడా పోతుంది. కూత కూయించే ముక్కను మాత్రం పాత ఇంజనీరు అసెంబ్లీలో, అంటే చిప్పుకు ఒక్కొక్క ఆజ్ఞా విడిగా చెప్పే భాషలో రాసి రిటైరయ్యాడు. బాగానే ఉందిగా అని ఖలీల్ దాన్ని ముట్టుకోకుండా, తన సీ ప్రోగ్రాం నుంచి పిలిచి వాడుకున్నాడు.

ఇక చూడండి, ఏ నంబరు నొక్కినా మూడో వాల్వే తెరుచుకునేది. దాని గొట్టం పెరట్లో మా మేనేజరు గ్రెగ్ సిగరెట్టు కాల్చుకునే బెంచీ వైపు ఉండేది. సోమవారం అతని సిగరెట్టు ఆరింది. బుధవారం చొక్కా తడిసింది. గురువారం మండుటెండలో గొడుగు వేసుకొని కూర్చున్నాడు.

రేపు పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ క్లబ్బువాళ్ళు పెట్టెలు చూడ్డానికి వస్తున్నారనీ, అప్పటికి బాగవకపోతే ఖలీల్ కాంట్రాక్టు అంతటితో సరి అనీ గొడుగు కిందనుంచే అతనికి చెప్పాడు.

"ఆంటీ, వైర్లు అటూ ఇటూ అయ్యాయేమో, ఇంకోసారి చెక్ చేయండి ప్లీజ్" అన్నాడు ఖలీల్.

"నాలుగుసార్లు చూశా నాయనా. ఇంకోసారి చూస్తే వాటికే సిగ్గేస్తుంది."

అప్పుడు గుర్తొచ్చింది. మంగళవారం నాకు తలనొప్పిగా ఉండి, మ్యూట్ నొక్కి కూత లేకుండా పరీక్షించాను. ఆ రోజు పదకొండు పెట్టెలూ బుద్ధిగా పనిచేశాయి.

"కూతకీ నీళ్ళకీ రిలేషనేంటి ఆంటీ?"

"నాకేం తెలుసు? నొక్కి చూడు."

మ్యూట్ పెట్టి ఒకటి నొక్కితే ఒకటే తెరుచుకుంది. మ్యూట్ తీసి ఒకటి నొక్కితే గ్రెగ్ గొడుగు మీద టపటపమంది.

చిప్పులో రిజిస్టర్లని చిన్న అరలుంటాయి. ఖలీల్ ప్రోగ్రాం వాల్వు నంబరును ఒక అరలో ఉంచి కూతను పిలిచేది. కూత ముక్క అదే అరలో తన కూతలు లెక్కపెట్టుకొని, మూడు అనే అంకెను అక్కడే వదిలేసేది; ప్రోగ్రాం దాన్నే వాల్వు నంబరనుకునేది. పాత ఇంజనీరు పద్ధతిలో పిలిచినవాడే తన అంకెను ముందుగా వేరేచోట దాచుకోవాలి. సీ పద్ధతిలో ఆ అరను వాడుకున్నవాడే మళ్ళీ ఎప్పటిలా సర్దిపెట్టాలి. ఖలీల్ పాత కాగితాలు తిరగేసి ఇదంతా చెప్పాడు.

"ఓస్, ఇంతేనా! మన ఇళ్ళల్లో చుట్టం తిన్న కంచం ఇంటివాళ్ళే తీస్తారు. ఇక్కడి టీ గదిలో ఎవరి కప్పు వాళ్ళే కడగాలి. మీ కూతగారు చుట్టంలా వచ్చి పోతున్నారు" అన్నాను.

"కరెక్ట్ ఆంటీ! కంచం తీయాల్సింది నేనని నాకే తెలీలేదు."

కూత ముక్కలో రెండు ఆజ్ఞలు చేర్చాడు. మొదట్లో ఆ అరలోని అంకెను దాచడం, చివర్లో తిరిగి పెట్టడం. అంతే.

శుక్రవారం క్లబ్బువాళ్ళ ముందు మ్యూట్ లేకుండా ఒకటి నొక్కాను, ఒకటి తెరుచుకుంది. రెండు నొక్కితే రెండు. గ్రెగ్ సంబరంగా గొడుగు మడిచి, ఆ బెంచీ మీదే చేరగిలబడ్డాడు. వరుసలో తరువాతిది మూడు. పరీక్ష మధ్యలో ఆపే అధికారం గ్రేడ్ టూకు లేదు.

పెట్టెలు అమ్ముడుపోయాయి, ఖలీల్ కాంట్రాక్టు పొడిగించారు. నేను నేర్చుకున్నదొకటే. యంత్రం చెడిన రోజును అందరూ రాసిపెడతారు. టెస్టరు మాత్రం అది బాగా పనిచేసిన రోజును కూడా, ఆ రోజు తానేం తేడాగా చేసిందో దానితో సహా రాసిపెట్టుకోవాలి.