సేట్లు కొట్టుకోరు

అమెరికా, రష్యా నేరుగా కొట్టుకోవట, చిన్న దేశాలను ఎగదోస్తాయట. తాండూరు బజారు హోటల్లో రేడియో విని వచ్చి మా ఆయన ఇదేదో కొత్త సంగతిలా చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఇది తెలుసుకోవడానికి రేడియో కావాలా? మన సేట్లు చేస్తున్నదేమిటి?

అప్పట్లో మా ఊరి పక్కన రెండు నాపరాళ్ళ గనులు ఆనుకుని ఉండేవి. మా ఆయన ఒక సేటు దగ్గర బండలు కొట్టేవాడు. నేను చంక దించకుండా పెంచిన తమ్ముడు రెండో సేటు దగ్గర పనిచేసేవాడు. హద్దు మీద మంచి రాయి తగిలింది. నాదంటే నాదని ఇద్దరు సేట్లూ పట్టుబట్టారు. బండలు ఎక్కించే రైలు స్టేషన్లో మాత్రం ఒకరి జోలికి ఒకరు పోకూడదు. అక్కడ గొడవైతే వ్యాగన్లు ఆగి ఇద్దరికీ నష్టం. తన్నుకోవాలంటే హద్దు దగ్గరే, అదీ మేమే. సామెతలో ఆంబోతులైనా కొట్లాడతాయి, లేగల కాళ్ళు విరుగుతాయి. మా దగ్గర ఆంబోతులు కదలవు, లేగలే కుమ్ముకుంటాయి. కొట్టమని సేట్లు ఏనాడూ నోరు తెరిచి చెప్పలేదు. "జర చూస్కోండ్రి" అనేవారు, అంతే.

ఒక పొద్దున మావాళ్ళు చూసుకున్నారు. తమ్ముడి చేతిలో గడ్డపార, ఎదురుగా మా ఆయన. ఆయన కుడి మణికట్టు నుజ్జయింది. వికారాబాద్ దవాఖానాలో కట్టు కట్టి, ఇక సుత్తె పట్టలేడన్నారు. సుత్తె పట్టకపోతే మేం తినేదేమిటి? సేటు ఆ వారమే ఇంకో మనిషిని పెట్టుకున్నాడు.

దసరా నాడు జమ్మిచెట్టు దగ్గర సేట్లిద్దరూ బంగారమని ఆకు ఇచ్చిపుచ్చుకుని, నవ్వుకుంటూ కౌగిలించుకుని అలాయ్ బలాయ్ తీసుకున్నారు. వాళ్ళ ధోవతుల మడత కూడా నలగలేదు. దొంగ ముఖాలు.

ఆ సాయంత్రం తమ్ముడు జమ్మి ఆకు పట్టుకుని మా గడపలో నిలబడ్డాడు.

"సేట్లు ఒక్కటైన్రక్కా. ఇంక మనకెందుకు పగ? బావా, బంగారం తీస్కో."

మా ఆయన ఎడమ చెయ్యి చాపాడు.

"పండుగపూట ఎడమ చెయ్యేంది బావా? కుడి చెయ్యి పట్టు" అన్నాడు వాడు, అలవాటుగా. అన్నాక గాని వాడి కళ్ళు ఆ మణికట్టు మీద పడలేదు.

"గా చెయ్యి నీ గడ్డపార కిందనే పోయింది గద తమ్మీ. తెచ్చియ్యి, పట్టుకుంటడు" అని తలుపు వేశాను.

వాడు చాలాసేపు బయటే నిలబడ్డాడు. నేను అన్నం కలిపి పెట్టి పెంచిన పిల్లవాడు. అయినా తలుపు మాత్రం తియ్యలేదు.