పరగడుపు స్కాన్

మా పాత డైరెక్టరు గారి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రిటైరై కోవూరు దగ్గర వరి పొలం చూసుకుంటున్నాడట. హాయిగా ఉండాలని కోరుకునేంత మంచిదాన్ని కాను.

కృష్ణపట్నం వెళ్లే రోడ్డులో మాదొక చిన్న పరిశోధనశాల. ఎలుకల గుండెలకు పెట్ స్కాన్ తీయడం నా పని. గుండెలో ఒక రక్తనాళాన్ని ముడివేసిన ఎలుకలకు, ఒక కంపెనీ డబ్బుతో మేం తయారుచేసిన మందు కొన్నాళ్లు ఇచ్చాం. ముడి కింద కండకు రక్తం సరిగా అందడం లేదని మొదటి స్కాన్‌లో తేలింది. ఆ కండ చచ్చిందా, బతికే ఉందా అన్నది రెండో స్కాన్ చెప్పాలి. దానికి కొంచెం రేడియేషన్ కలిపిన చక్కెర ఎక్కిస్తాం. బతికున్న కండ చక్కెర తీసుకుని తెరమీద వెలుగుతుంది, చచ్చింది చీకటిగా ఉంటుంది. చీకటైతే మందు దండగ, ప్రాజెక్టు మూత, ఎలుకల ప్రాణాలు తీసేయడమే.

డైరెక్టరు గారికి షుగరు జబ్బు. పరగడుపున రక్తమిచ్చి, ఆ వెంటనే హోటల్లో కారం దోసె లాగించి ఆఫీసుకొచ్చే మనిషి. చక్కెర పరీక్ష ఏదైనా పరగడుపునే చేయాలన్నది ఆయన బుర్రలో పాతుకుపోయింది. స్కాన్ ముందురోజు సాయంత్రమే ఎలుకల తిండి తీయించేశాడు.

"తిండి పెట్టాల సార్," అన్నాను. "పస్తున్న గుండె కొవ్వు కాల్చుకుంటాది, చక్కెర ముట్టదు. బతికుండే కండ గూడా చచ్చినట్టే కనపడతాది."

"ఏందమ్మా నువ్వు నాకు చెప్పేది? ఎన్నేళ్ల నుంచి షుగరు టెస్టులు చేయించుకుంటా ఉండాను. తినిపోతే ల్యాబువాడు ఎనక్కి పంపిస్తాడు. పెట్టబాకండి."

రక్తంలో చక్కెర కొలవడం వేరు, గుండె ఎంత చక్కెర తింటుందో చూడటం వేరు అని చెప్పబోయాను. ఆయన ఫోన్ తీసి చెవికి పెట్టుకున్నాడు.

మర్నాడు చెన్నై నుంచి ఆ చక్కెర తెచ్చే కారు మనుబోలు దగ్గర లారీల వెనక ఇరుక్కుంది. దాని రేడియేషన్ దారిలోనే తగ్గిపోతుంది కాబట్టి మాకు మిగిలింది ఆ పూట స్కాన్లకు చాలేంతే. స్కాన్ తీస్తే గుండెలన్నీ చీకటి.

"గుండెంతా చచ్చుంటే ఎలుక బతికుండదు గదా సార్. ముడి వెయ్యని ఎలుక ఒకటుండాది. అది గూడా పస్తే. దానికీ తీద్దాం. దాని గుండె గూడా చీకటైతే తప్పు పస్తుదే."

"మంచి ఎలక్కి స్కానేంది, దండగ. కంపెనీవోళ్లు రేపొస్తా ఉండారు. కండ చచ్చిందని రాసెయ్."

"నేను రాయను సార్."

"నువ్వు రాయకపోతే నేనే రాస్తా."

అన్నట్టే రాశాడు. కంపెనీ వాళ్లు వచ్చారు, చదివారు, టీ తాగి వెళ్లిపోయారు. ప్రాజెక్టు మూసేశారు. ఎలుకలకు మత్తిచ్చి చంపే పని నామీద పడింది. ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఆ పని చేశాను.

నా కసి తీరక గుండెలను సన్నటి ముక్కలుగా కోసి రంగునీళ్లలో వేశాను. ఆ నీళ్లలో బతికున్న కండ ఎర్రబడుతుంది, చచ్చింది తెల్లగా మిగిలిపోతుంది. కాసేపటికి ముక్కలన్నీ ఎర్రబడ్డాయి. మందు లేకపోతే తెల్లగా ఉండాల్సిన ముడి కింది భాగం కూడా ఎర్రబడింది.

గాజుగిన్నె తీసుకెళ్లి ఆయన ముందు పెట్టి సంగతి చెప్పాను. ఆ మొహం మాడిపోతే చూద్దామనే వెళ్లాను, అబద్ధమెందుకు. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఒక్కో ముక్కనూ పరీక్షగా చూశాడు. మొహం విప్పారింది.

"అయితే మన మందు పనిచేసిందే. కంపెనీవోళ్లకి ఇప్పుడే ఫోన్ చేస్తా. ఇంకో బ్యాచి ఎలకల్ని తెప్పిద్దాం," అన్నాడు. నంబరు వెతుక్కుంటూ, తలెత్తకుండానే, నాకు జాగ్రత్త చెప్పాడు: "ఈసారన్నా తిండి సరిగ్గా పెట్టమ్మా."