లివర్ అని రాసిన నాలుగు పొట్లాలు

వెర్లిన్ ష్మిట్కే అబద్ధమాడే మనిషి కాదు. మా మిన్నెసోటా పల్లెలో ఎవర్నడిగినా అదే చెబుతారు. ధాన్యం గోదాములో ముప్పై ఏళ్లు తూకం వేశాడు, ఒక్క రైతు చేత మాట పడలేదు. అలాంటివాడికీ యాభై ఏడో ఏట బుద్ధి గడ్డి తింది.

రిటైర్మెంటు ఖాతాలో కూడబెట్టిందంతా ఉత్త కాగితాల మీదే ఉందని మనవాడికి బెంగ పట్టుకుంది. ఫోనులో ఒకడు దొరికాడు. "బంగారు నాణేలు కొనండి సార్. ఖాతాలోనే ఉన్నట్టు లెక్క, ఉండేది మాత్రం మీ ఇంట్లో," అన్నాడు. ఖాతా బంగారం ప్రభుత్వం ఒప్పుకున్న ఖజానాలోనే ఉండాలని వాడు చెప్పలేదు, వీడు అడగలేదు.

భార్య లొరేన్ పాతికేళ్లుగా బడి వంటగదిలో నిలబడి వండుతోంది. మోకాళ్లు అరిగిపోయాయి పాపం. వచ్చే జూన్‌లో మానేద్దువులే అని వెర్లిన్ మాటిచ్చాడు, ఆ ఖాతాని చూసుకునే. అందులో సగం తీసి ఇరవై నాణేలు కొన్న సంగతి మాత్రం ఆమెతో అనలేదు. అంటే "ఆర్డిస్‌ని అడిగావా?" అంటుంది. ఆర్డిస్ నూట్సన్ ఊరందరి పన్ను కాగితాలూ రాసే పెద్దావిడ. అడిగితే ఆవిడ వద్దంటుందని మనవాడి మనసుకి తెలుసు, అందుకే అడగలేదు.

నాణేలు వచ్చిన రోజు ఎంత మురిసిపోయాడో! ఒక్కోటీ అరచేతిలో పెట్టుకుని బరువు చూసుకున్నాడు. తర్వాత జింక మాంసం చుట్టే తెల్లకాగితంలో నాలుగు పొట్లాలు కట్టి, పైన నల్లగా "లివర్" అని రాసి, డీప్ ఫ్రీజర్ అడుక్కి తోశాడు.

నవంబరులో జింకల వేట మొదలయ్యేలోపు మా దగ్గర ప్రతి ఇంట్లో ఫ్రీజరు ఖాళీ చేసి, పాత మాంసం చర్చి విందుకి ఇచ్చేస్తారు. పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నదే, పెద్దమనిషి మరిచిపోయాడు! శనివారం భోజనానికి ఇంటికొచ్చి చూస్తే ఫ్రీజరు మూత తెరిచి ఉంది, లోపల ఏమీ లేదు.

చర్చి వంటగదిలోకి పరుగెత్తేసరికి ఆడవాళ్లందరూ ఒక బల్ల చుట్టూ మూగి ఉన్నారు. ఆర్డిస్ ముందు, తరిగిన ఉల్లిపాయల పక్కన, విప్పిన పొట్లం.

"రావయ్యా వెర్లిన్, రా!" అంది ఆర్డిస్. "నువ్వు కొట్టిన జింకకి లివర్ బంగారందిరా నాయనా! ఉల్లిపాయలేసి వేయించమంటావా?"

అందరూ గొల్లుమన్నారు. లొరేన్ నవ్వలేదు.

"ఎక్కడివి ఇవి?" అంది.

"రిటైర్మెంటు ఖాతాలోవి," అన్నాడు వెర్లిన్.

ఆర్డిస్ నవ్వు ఆగిపోయింది. "ఖాతాలోవి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నావా? ఓరి పిచ్చి సన్నాసీ! నీ చేతికొచ్చిన రోజే ఆ డబ్బు బయటికి తీసేసినట్టు. పన్ను కట్టాలి. ఖాతా డబ్బు తీసుకునే వయసు ఇంకా రాలేదు కాబట్టి జరిమానా కూడానూ."

"ఎంత పోతుంది?" లొరేన్ మొగుడి వంక చూడకుండా ఆర్డిస్‌నే అడిగింది.

"కొన్నదాంట్లో మూడో వంతు దాకా పోతుందమ్మా."

"అయితే జూన్‌లో మానడం లేదన్నమాట."

నేల చీలితే దూరిపోదామనిపించింది వెర్లిన్‌కి. "దొంగల భయంతో దాచాను లొరేన్, ఒట్టు," అన్నాడు.

లొరేన్ ఆ పొట్లం కాగితాన్ని చేతిలోకి తీసుకుని, దాని మీది అక్షరాలు చూసింది.

"దొంగలకైతే మాంసమని రాసినా చాలు వెర్లిన్. లివర్ వాసనకే నాకు కడుపులో తిప్పుతుందని, ఈ పొట్లం చచ్చినా విప్పనని ఎవరికి తెలుసు? నీకొక్కడికే."

ముప్పై ఏళ్లు తూకంలో గింజ తేడా రానివ్వని మనిషి పెళ్లాం మొహం చూడలేకపోయాడు. ఆమె కాగితం మడిచి అతని జేబులో పెట్టి, మోకాలు పట్టుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.