రెండూ ఆడ చేపలే

2023 వానాకాలం. సిద్దిపేటలో నాది అక్వేరియం దుకాణం. పిలిస్తే ఇళ్లకు వెళ్లి ట్యాంకులు కూడా చూస్తాను. ఒకరోజు కవిత అనే ఆమె ఫోన్ చేసి ఇంటికి రమ్మంది. హాల్లో ట్యాంకు, అందులో రెండు క్రిబెన్సిస్ చేపలు. ఇవి డ్వార్ఫ్ సిక్లిడ్స్, అంటే వేలెడంత ఉండి గుహల్లాంటి చోట గుడ్లు పెట్టే రకం. హైదరాబాద్‌లో జంట అని చెప్పి అమ్మారట.

ఆమె వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది.

"అన్నా, నీళ్లల్ల ఫినాయిల్ కలిపితే తెలుస్తదా?"

"ఎందుకమ్మా?"

"గుడ్లు పెడుతున్నయి, తెల్లగై బూజు పడుతున్నయి. నేను మద్దూరుల తల్లిగారింటికి పోయొచ్చినప్పుడల్లా గిదే కథ. అప్పుడు ఇంట్ల ఉండేది మా యారాలే. ఈ ట్యాంకు హాల్ల పెట్టుడు ఆమెకు ఇష్టం లేకుండె."

ఆమె చెబుతున్నది తోడికోడలు భాగ్య గురించి. ఇంతలో భాగ్యే నాకు టీ తెచ్చింది. ట్యాంకు దగ్గరికి రాకుండా దూరం నుంచే చేయి చాచి ఇచ్చి వెళ్లింది. నాకూ అనుమానం వచ్చింది.

నీళ్లు చెడిపోయాయేమోనని టెస్ట్ కిట్‌తో అమ్మోనియా చూశాను. ఏమీ లేదు. అసలు ఫినాయిల్ పడి ఉంటే చేపలే ముందు చచ్చేవి. అవి హుషారుగా తిరుగుతున్నాయి.

"వీటిల మగది ఏది?"

"గా పెద్దది."

క్రిబెన్సిస్‌లో మగదాని డార్సల్ ఫిన్, అంటే వీపు మీది రెక్క, చివర సూదిగా సాగుతుంది. ఆడదానికి ఆ కొన గుండ్రంగా ఉండి, పొట్ట నేరేడు రంగు తేలుతుంది. పెద్దదాని రెక్క కూడా గుండ్రంగానే ఉంది, పొట్టదీ అదే రంగు. గుడ్లు పెట్టడానికి ట్యాంకులో బోర్లించిన చిన్న కుండలోకి టార్చ్ వేస్తే, ఒక్క చేప పెట్టేదానికన్నా ఎక్కువ గుడ్లు కనిపించాయి. మగ తోడు లేకపోతే రెండు ఆడ చేపలు జతకట్టడం ఉంటుంది. గుడ్లు పెడతాయి గానీ, మగది లేక వాటి నుంచి పిల్లలు రావు, తెల్లబడి బూజు పడతాయి.

"రెండూ ఆడియేనమ్మా. ఎవ్వరు ఏం కలపలేదు."

"మరి నేను ఊరికి పోయినప్పుడే ఎందుకైతయి?"

"ఇంట్ల ఉన్నప్పుడు ఎన్నడు కాలేదా?"

కవిత ఆలోచించింది. బోనాలప్పుడు ఒకసారి పాడయ్యాయట. అప్పుడు ఊరెళ్లింది భాగ్య. కవిత లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లింది.

"అక్కా, రెండూ ఆడియేనట. నువ్వేం కలపలేదు."

భాగ్య ఉల్లిగడ్డలు కోస్తూ తలెత్తలేదు.

"నేను కలపలేదని నాకు ముందుగాల్నే తెలుసు. నీకు చేపలు చెప్పాల్సొచ్చింది."

పెద్ద చేపను నా దుకాణానికి తెచ్చుకుని, బదులు మగదాన్ని ఇచ్చాను. కొంతకాలానికి పిల్లలు పుట్టాయని కవిత ఫోన్ చేసింది. భాగ్య వాటిని చూసిందా అని అడగాలనిపించింది కానీ అడగలేదు.

ఇప్పుడు ఎవరైనా గుడ్లు పాడవుతున్నాయంటే ముందు రెక్కలు చూస్తాను. మాటల్లో ఇంట్లో వాళ్ల పేరెత్తితే మాత్రం, చేపల్ని చూసేదాకా ఆగమంటాను.