పేర్లు పోయిన గీతలు

మా అబ్బాయి పోయి ఏడాదైంది. టెక్కలిలో ఒక ఆఫీసులో మంచినీటి పైపుల డ్రాయింగులు గీసేవాడు. ఈ రోజు ఆ ఆఫీసులోనే పనిచేసే వాడి స్నేహితుడు రమణ వచ్చాడు. మావాడి డ్రాయింగును వేరే కంప్యూటరు ప్రోగ్రాములోకి మారిస్తే, పైపులు, రోడ్లు, కాలువలు ఒక్కోటీ ఒక్కో పొరగా గీసి వాడు పెట్టిన పేర్లన్నీ పోయి అంకెలు మిగిలాయట. అసలు ఫైలు దొరకలేదట.

“గీతలన్నీ ఉన్నాయమ్మా, పేర్లే పోనాయి. ఏ పొరకి ఏం పేరెట్టాడో నీకు సెప్పీవోడా?”

“రోజూ అన్నం తింటా సెప్పీవోడు బాబూ. మనూరి పైపులకి నా పేరెట్టాడు. మిగతావి ఇన్లేదు. సేపలు మాడిపోతన్నాయని లేసి పోయీదాన్ని.”

రమణ ఆ ఒక్క పేరే రాసుకుని వెళ్లాడు.

ఆ చేపలు ఒక్క రోజు కూడా మాడలేదు. మీ పిల్లలు పని గురించి చెబుతుంటే మీరు కూర్చుని వింటున్నారా?