గడప మీద కూర్చున్న నిప్పు

గొబ్నిత్ నాయనమ్మ మట్టిపెళ్లలతో మాట్లాడుతుందని ఆ కొండల్లో అందరూ నవ్వేవాళ్లు. నిజానికి ఆమె మాట్లాడేది కాదు, వినేది. చిత్తడి బాడవలో కోసి వేసవంతా ఎండబెట్టిన, కట్టెల్లా మండే నల్లటి పెళ్లలు రెండు తీసుకుని ఒకదానికొకటి తట్టేది. కుండలా ఖంగుమంటే పొయ్యిలోకి, మూగగా చప్పుడైతే మళ్లీ ఎండలోకి.

ఆ పొయ్యిలో నిప్పు ఆరకుండా యాభై ఎనిమిదేళ్లు దాటింది. కాపురానికి వచ్చిన రోజున అత్తగారు అప్పగించిన నిప్పు అది. రాత్రి నివురు కప్పడం, పొద్దున్నే విప్పడం. మొగుడు పోయిన రోజున కూడా ఏడుపు మధ్యలో లేచివెళ్లి ఒక పెళ్ల వేసి వచ్చి, మిగతా ఏడుపు ఏడ్చింది.

ఆ చలికాలం తుంటి విరిగి ఆమె మూడు నెలలు ఆసుపత్రిలో ఉంది. కోడలు ఎత్న నిప్పు ఆరనివ్వలేదు. కాకపోతే పెళ్లలు అయిపోయాయని అడవిలో కొట్టిన పచ్చి దేవదారు దుంగలు వేసింది. ఆ తడిపొగ పొగగొట్టం లోపల తారులా పేరుకుపోయింది.

నాయనమ్మ కర్ర పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాక, మే నెల ఒకటో తారీఖు పొద్దున్న, ఆ తారు అంటుకుని పొగగొట్టం రైలింజన్‌లా గర్జించింది. గడ్డికప్పు మీద నిప్పురవ్వలు చూసి పక్కింటి టైగ్ పరిగెత్తుకొచ్చాడు. ఎత్న నిప్పుల్ని ఇనుప కుండలోకి తోడేస్తే, ఆయన పొయ్యి నోటికి తడిగోనెలు అడ్డం కట్టాడు. గర్జన అణిగింది.

"కుండ మా ఇంటికి పట్టుకెళ్తా, అక్కా. గొట్టం తోమాలి. కింద నిప్పుంటే రాలిన తారు మళ్లీ అంటుకుంటుంది. ఈసారి కప్పు దక్కదు," అన్నాడు నాయనమ్మతో.

"ఒరేయ్, ఇవాళ ఏం రోజు? మే ఒకటిన ఇంటి నిప్పు గడప దాటితే ఇంటి అదృష్టం దాని వెంటే పోతుంది. నీకు కావలసిందీ అదే!"

"నీ అదృష్టం నాకెందుకు? తుంటి విరగ్గొట్టుకోవడానికా?"

"పడగ్గదిలో పెట్టి తలుపేద్దాం అత్తయ్యా," అంది ఎత్న.

"వేసుకో. ఆ పొగకి అందరం హాయిగా నిద్రలోనే పోతాం. దుంగలు చాల్లేదా, ఇప్పుడిదొకటి!"

నాయనమ్మ స్టూలు ఈడ్చుకెళ్లి గుమ్మంలో వేసుకుంది. కుండని సరిగ్గా గడప మీద పెట్టించింది. "దాటలేదుగా? కానివ్వు."

మధ్యాహ్నానికి గొట్టం చల్లబడింది. టైగ్ కప్పెక్కి, తాడు మధ్యలో ముళ్లాకుల పొద కట్టి కిందికి వదిలాడు. ఎత్న కింద నుంచి లాగింది. ఆయన పైకి, ఈమె కిందికి. నల్లటి తారు గాజుపెంకుల్లా మెరుస్తూ పొయ్యిలో రాలింది. అంతా ఊడ్చాక ఎత్న తల లోపలికి పెట్టి, "అత్తయ్యా... ఒకసారి రండి," అంది.

పెళ్లలకి తారు పట్టదు గనక, ఏటా గొట్టం తోమేటప్పుడు నిప్పుల్ని ఓ మూలకి నెట్టి తోమేవాళ్లే తప్ప, ఆ పొయ్యిలో తల పెట్టే చోటు నాయనమ్మకి ఎన్నడూ దొరకలేదు. కర్ర పక్కన పడేసి వంగింది. నల్లటి గోడల చివర, చాలా పైన, అరచేతి వెడల్పు ఆకాశం. అంత నీలం ఆమె ఏ కొండ మీద నుంచీ చూడలేదు. ఒక మబ్బు మెల్లగా వచ్చి, నిండుగా నిలబడి, వెళ్లిపోయింది.

నాయనమ్మ తల ఇంకాస్త లోపలికి పెట్టింది.

పైనుంచి టైగ్ తొంగిచూశాడు. "అక్కా, ఉన్నావా, పోయావా?"

"తల తీయరా. దేవుడి కిటికీకి అడ్డం."

"అత్తయ్యా, నిప్పు తెల్లబడిపోతోంది!" ఎత్న కుండ దగ్గర గోల పెట్టింది.

"ఉండవే. ఇంకొక్క మబ్బు."

ఆ మబ్బు తొందరపడలేదు. నాయనమ్మా తొందరపడలేదు. చివరికి మసిమొహంతో వచ్చి కుండలోకి చెయ్యి దూర్చింది. బూడిద, బూడిద, బూడిద. ఎత్న ఏడవబోయింది. అట్టడుగున బఠాణీగింజంత ఎరుపు దొరికింది. నాయనమ్మ దాన్ని పెళ్లపొడిలో పెట్టి, పొయ్యి ముందు బోర్లా పడుకుని ఊదింది. తుంటి సంగతి తర్వాత.

ఎర్రబడింది. పొగ సన్నగా లేచి, ఎటూ తిరగకుండా, నిటారుగా ఆ నీలంలోకి వెళ్లిపోయింది.

"ఇన్నేళ్లూ మన పొగ వెళ్తోంది అక్కడికన్నమాట," అని గుసగుసలాడి, నాయనమ్మ శిలువ గుర్తు వేసుకుంది.